యాభై రెండు వేల ఎస్టిమేటు, ఇరవై ఒక్క వేల బిల్లు: కారు క్లచ్ మార్పించిన నా అనుభవం

మా డీజిల్ కారుకు ఇప్పుడు ఎనిమిదో ఏడు నడుస్తోంది, లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. కంపెనీ ఇచ్చిన వారంటీ, ఆ తరువాత డబ్బు కట్టి పొడిగించుకున్న వారంటీ ముగిసే వరకూ దానిని షోరూమ్ సర్వీసు కేంద్రానికి తప్ప మరెక్కడికీ తీసుకువెళ్లలేదు. వారంటీ ఉన్నంత కాలం అలా చేయడమే సరైనదని ఇప్పటికీ నా అభిప్రాయం. గడువు తీరాక వచ్చిన మొదటి పెద్ద ఖర్చు క్లచ్. దానికి షోరూమ్‌లో వేసిన ఎస్టిమేటు చూసి, అదే కాగితం పట్టుకొని విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న గ్యారేజీకి వెళ్లి, పని అక్కడ చేయించుకున్నాను. రెండు చోట్లా ఏం జరిగిందో, డబ్బు తేడా ఎక్కడ వచ్చిందో లెక్కలతో సహా రాస్తున్నాను. మా కాలేజీలో ఈ విషయం ఎప్పుడు మాటల్లోకి వచ్చినా "షోరూమ్ వాళ్లు దోచేస్తారు" అని సగం మంది, "బయట మెకానిక్కులు డూప్లికేట్ సామాను వేస్తారు" అని మిగతా సగం మంది అంటారు. నా లెక్క ఈ రెండు మాటలకూ సరిపోలేదు.

నేను ఉయ్యూరు నుంచి విజయవాడకు రోజూ కారులో వచ్చి పోతాను. బందరు రోడ్డు మీద కంకిపాడు దాటే వరకూ బండికి శ్రమ ఉండదు కానీ, కానూరు నుంచి బెంజి సర్కిల్ దాకా సగం క్లచ్ మీదే నడపాలి. మొదట కనిపించిన లక్షణం ఏమిటంటే, నాలుగో గేరులో ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగేది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేచేది, వేగం మాత్రం ఆ మేరకు పెరిగేది కాదు. కొన్నాళ్లకు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాలిన వాసన కూడా మొదలైంది. దీనికి తోడు గతుకుల్లో ముందు చక్రాల దగ్గర నుంచి టకటకమని చప్పుడు, బండి స్టార్ట్ చేసినప్పుడు స్టీరింగ్‌లో అదురు ఉన్నాయి.

షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్ మర్యాదగా మాట్లాడారు, నేను చెప్పినదంతా జాబ్ కార్డులో రాసుకున్నారు, ఒక టెక్నీషియన్ బండిని బయట ఒక చుట్టు నడిపి, ర్యాంపు మీద కింద నుంచి చూశాడు. గంటలోపే ఎస్టిమేటు చేతికి వచ్చింది. క్లచ్ సెట్, అంటే క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి 9,850 రూపాయలు. ఫ్లైవీల్, అంటే క్లచ్ ప్లేటు ఒత్తుకొని తిరిగే, ఇంజిన్ వైపు ఉండే బరువైన చక్రం 11,400. ముందు చక్రాలను బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు రెండూ 6,200, లింక్ రాడ్లు 2,300, ఇంజిన్‌ను అదురు లేకుండా పట్టి ఉంచే మౌంటింగ్‌లు రెండు 4,750, గేర్ ఆయిల్, చిల్లర సామాను 1,600. లేబర్ 8,200. వీటి కింద ఏసీ క్లీనింగ్ 1,450, బండి అడుగున తుప్పు పట్టకుండా వేసే కోటింగ్ 3,900, ఇంజిన్‌లో పేరుకున్న మసి తీసే డీకార్బనైజింగ్ 2,350 అని మరో మూడు వరుసలు ఉన్నాయి. పన్నులతో కలిపి మొత్తం 52,000.

చివరి మూడు వరుసల గురించి అడగగానే "అవి ఆప్షనల్ మేడం, వద్దంటే తీసేస్తాను" అన్నారు. నేను అడగకపోయి ఉంటే అవి బిల్లులోకి వెళ్లేవి. ఏసీ చల్లగా వస్తోంది, ఇంజిన్ పొగ వదలడం లేదు, అడుగు కోటింగ్ కారు కొన్నప్పుడే వేయించాం. నేను చెప్పిన ఇబ్బందులలో ఏ ఒక్కదానికీ ఆ మూడింటితో సంబంధం లేదు. వాటికే 7,700 రూపాయలు అవుతున్నాయి. షోరూమ్ సర్వీసుకు వెళ్లే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదే: సంతకం పెట్టే ముందు ప్రతి వరుస మీద వేలు పెట్టి, "ఇది నేను చెప్పిన ఏ సమస్యకు?" అని అడగాలి.

అసలు సందేహం ఫ్లైవీల్ మీద. గేర్‌బాక్స్ దించనిదే ఫ్లైవీల్ కంటికి కనిపించదు. కనిపించని సామాను చెడిపోయిందని ముందే ఎలా రాశారని అడిగాను. ఆయన ఇచ్చిన జవాబు నిజాయితీగానే ఉంది. "గేర్‌బాక్స్ దించాక ఫ్లైవీల్ కూడా పోయిందని తెలిస్తే, పార్టు తెప్పించే వరకు బండి బేలోనే (రిపేరు చేసే స్థలంలోనే) ఆగిపోతుంది మేడం. ఆ బేలో వేరే బండి ఎక్కించలేం. అందుకే ముందుగానే అప్రూవల్ తీసుకుంటాం. పాతదానికి లేత్ పని చేయించడానికి మాకు అనుమతి లేదు, కొత్తదే వేయాలి." సర్వీసు కేంద్రం ఎలా నడుస్తుందో ఆ మాటలతో నాకు బాగా అర్థమైంది. రోజుకు ఎన్నో బళ్లు లోపలికి వచ్చి బయటికి వెళ్లాలి, ప్రతి పనికీ ఇంత సమయమని ముందే నిర్ణయించి ఉంటుంది, చేసిన పనికి వారంటీ ఇవ్వాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య అనుమానం ఉన్న పార్టునల్లా మార్చేయడమే వారికి క్షేమం. ఆ క్షేమానికి అయ్యే ఖర్చు మాత్రం కారు యజమానిదే.

ఎస్టిమేటు కాగితం అడిగి తీసుకొని, బండి వెనక్కి తెచ్చుకున్నాను. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆటోనగర్ గురించి కృష్ణా జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. లారీలకు బాడీ కట్టే షెడ్ల దగ్గర నుంచి రేడియేటర్లు, కమాన్ పట్టీలు, లేత్ పని, సీట్లు, అద్దాల వరకు ఒక్కొక్క పనికి ఒక్కొక్క దుకాణం ఉంటుంది. ఒక మెకానిక్కుకు తన షెడ్డులో లేని పరికరం పక్క వీధిలో దొరుకుతుంది. ఈ సౌకర్యం లేని ఊళ్లలో నేను రాస్తున్న లెక్క ఇంతే కచ్చితంగా వర్తించకపోవచ్చు. మా సహోద్యోగి ఒకరు ఎన్నో ఏళ్లుగా తన కార్లన్నీ చూపించే మేస్త్రిగారి దగ్గరికి నన్ను పంపారు. ఆయన సొంతంగా షెడ్డు పెట్టకముందు ఒక అధీకృత సర్వీసు కేంద్రంలోనే పనిచేశారట. బయటి గ్యారేజీని ఎంచుకునేటప్పుడు నా దృష్టిలో ఇది ముఖ్యమైన విషయం. మీ కారు కంపెనీ బళ్లు ఆయన చేతి కింద రోజూ విప్పబడుతున్నాయా లేదా అన్నది బోర్డు సైజు కంటే, గుమ్మం ముందు ఆగి ఉన్న బళ్ల సంఖ్య కంటే ఎక్కువ చెబుతుంది.

ఆయన మొదట చేసిన పరీక్షకు నిమిషం కూడా పట్టలేదు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి, నాలుగో గేరు వేసి, కొద్దిగా ఎక్సలేటర్ ఇస్తూ క్లచ్ పెడల్ మెల్లగా వదిలారు. క్లచ్ బాగుంటే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. మాది ఆగకుండా తిరుగుతూనే ఉంది. తరువాత ఎస్టిమేటు అంతా చదివి, "అమ్మా, క్లచ్ పోయిన మాట నిజమే. మిగతావి దించి చూశాక చెబుతాను. చూడకుండా ఏది రాసినా అది నా ఊహే" అన్నారు. గేర్‌బాక్స్ దించడానికి, ఎక్కించడానికి, కింద పనికి కలిపి లేబర్ 5,500 అని ముందే చెప్పారు. సామాను ఏమేం కావాలో దించాక చీటీ రాసి ఇస్తానని, నేనే కొనుక్కోవచ్చని కూడా అన్నారు.

గేర్‌బాక్స్ దించిన రోజు కాలేజీ అయ్యాక వెళ్లి చూశాను. క్లచ్ ప్లేటు చేతిలో పెట్టారు. కొత్త ప్లేటులో రాపిడి పొర రివెట్ల తలల కంటే బాగా ఎత్తుగా ఉంటుంది. మా ప్లేటులో గోరు పెట్టి గీస్తే రివెట్టు తల తగులుతోంది. ఇంకొన్ని వందల కిలోమీటర్లు నడిపి ఉంటే ఆ రివెట్లు ఫ్లైవీల్‌ను గాడులు పడేలా కోసేసేవని, అప్పుడు కొత్తది వేయక తప్పేది కాదని చెప్పారు. ఫ్లైవీల్ మీద వేడికి నీలం రంగు మచ్చలు పడి ఉన్నాయి కానీ, పగుళ్లు లేవు. టార్చిలైటు వాలుగా పట్టి, వేలితో అంచు నుంచి మధ్యకు తడిమి చూడమని చెప్పారు. నునుపుగానే ఉంది. "ఇది లేత్‌లో ఫేసింగ్ కొడితే, అంటే పైభాగాన్ని కొద్దిగా చెక్కి సమం చేస్తే సరిపోతుంది. కంపెనీ చెప్పిన మందం కంటే తగ్గకుండా చూసుకోవాలి, అంతే." మాది ఒకే ముక్కగా ఉండే ఫ్లైవీల్ కనుక అది సాధ్యమైంది. కొన్ని డీజిల్ కార్లలో రెండు భాగాలుగా, మధ్యలో స్ప్రింగులతో ఉండే ఫ్లైవీల్ ఉంటుంది. దానికి ఇలా లేత్ పని చేయించకూడదు, పోతే మార్చడమే, అది చాలా ఖరీదు. కాబట్టి క్లచ్ పని ముందు మీ కారులో ఉన్నది ఏ రకమో తెలుసుకోవడం అవసరం.

ఆ తరువాత ఆయన చూపించినది షోరూమ్ ఎస్టిమేటులో లేనే లేదు. ఫ్లైవీల్ విప్పాక, దాని వెనుక ఇంజిన్ క్రాంక్ షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీల్ దగ్గర సన్నగా నూనె తడి కనిపించింది. ఆ సీల్ ఖరీదు 650 రూపాయలు. అది మార్చకుండా పైన కొత్త క్లచ్ బిగిస్తే, కారిన నూనె ప్లేటు మీద పడి కొత్త క్లచ్ కూడా జారడం మొదలవుతుంది, మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. షోరూమ్‌లో అయినా విప్పాక ఇది కనిపెట్టేవారేమో, నేను కాదనను. కానీ విప్పకముందు రాసిన జాబితాలో అవసరం లేని ఫ్లైవీల్ ఉండి, అవసరమైన సీల్ లేకపోవడం నా మనసులో బాగా నాటుకుంది.

లోయర్ ఆర్మ్‌ల విషయమూ అంతే. ఆర్మ్ ఇనుము బాగుంది, చివరనున్న బాల్ జాయింట్ గట్టిగా ఉంది, రబ్బరు బుష్‌లు మాత్రం చిట్లిపోయాయి. షోరూమ్‌లో ఆర్మ్ మొత్తం మారుస్తారు. ఇక్కడ పాత బుష్‌లను హైడ్రాలిక్ ప్రెస్‌తో తోసేసి కొత్తవి ఎక్కించారు. ఇంజిన్ మౌంటింగ్‌లలో ఒకటి రబ్బరు విడిపోయి ఉంది, రెండోది నిక్షేపంగా ఉంది. పోయినది ఒక్కటే మార్చారు, అది మాత్రం కంపెనీ పెట్టెలో వచ్చిన జెన్యూన్ పార్టే వేయమని ఆయనే పట్టుబట్టారు. మౌంటింగుల్లో తక్కువ రకం వేస్తే అదురు తగ్గదని ఆయన అనుభవం.

సామాను కొనడానికి చీటీ పట్టుకొని నేనే వెళ్లాను. ఇది కొంత శ్రమే అయినా, నాకు అన్నిటికంటే ఉపయోగపడిన పని ఇదే. పాత క్లచ్ ప్లేటు మీద కారు కంపెనీ పేరు కాదు, దానిని తయారుచేసిన సరఫరా సంస్థ పేరు అచ్చుపోసి ఉంది. దుకాణంలో అదే సంస్థ సొంత పెట్టెలో, నా కారు మోడల్‌కు సరిపోయే క్లచ్ సెట్ 6,900 రూపాయలకు దొరికింది. వాలియో, లూక్, ఎక్సెడీ వంటి సంస్థలు కార్ల కంపెనీలకు క్లచ్‌లు సరఫరా చేస్తూ, తమ సొంత పేరుతో బజారులోనూ అమ్ముతాయి. బ్రేకులు, ఫిల్టర్లు, బేరింగులు, బెల్టుల విషయంలోనూ ఇదే పద్ధతి. "లోకల్ సామాను" అని మనం ఒకే మాటతో కొట్టిపారేసే దానిలో నిజానికి మూడు రకాలు ఉన్నాయి. కంపెనీకి సరఫరా చేసేవారే సొంత పెట్టెలో అమ్మేది ఒకటి, వేరే తయారీదారు తన పేరుతో చేసే చవక రకం ఒకటి, కంపెనీ పెట్టెను అనుకరించి చేసే నకిలీ ఒకటి. మొదటిది నిశ్చింతగా వేయించుకోవచ్చు. మూడోది మోసం, బ్రేకుల విషయంలో అయితే ప్రాణాంతకం. అందుకే బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొన్నాను, పెట్టె మీద పార్టు నంబరు, ఎమ్మార్పీ, సీలు చూసుకున్నాను, ఖాళీ పెట్టెలు ఇప్పటికీ దాచాను. ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది కనుక దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే ఒప్పుకోనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా వాటి మీద 28 శాతం ఉండేది.

విడిభాగాలు ఇలా బయట దొరకడం మామూలు విషయమేమీ కాదు. కార్ల కంపెనీలు విడిభాగాలను, లోపం పట్టే పరికరాలను బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నాయన్న ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ. 2,544.65 కోట్ల జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, ఆ కథ అక్కడితో ముగియలేదు. నాలాంటి వారికి పనికివచ్చే విషయం ఆ ఉత్తర్వులోనే ఇంకొకటి ఉంది: బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని, బయటి పని సరిగా చేయకపోవడం వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చని కమిషన్ చెప్పింది. అయినా వారంటీ ఉన్న బండిని బయట విప్పించి, ఆ తరువాత కౌంటరు దగ్గర ఈ వాదన చేయడం మామూలు ఉద్యోగస్థులకు అయ్యే పని కాదు. అందుకే వారంటీ ఉన్నన్నాళ్లు షోరూమే మేలని మొదట్లో అన్నాను.

బిగించే తీరు కూడా గమనించాను. ఫ్లైవీల్ బోల్టులను, ప్రెజర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ వచ్చి, చివర టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకు బిగించారు. ఆ కొలత ఆయన గోడ మీద అంటించిన కాగితంలో ఉంది. టార్క్ రెంచి లేని గ్యారేజీలో నేను క్లచ్ పని చేయించను.

చివరి లెక్క ఇది. క్లచ్ సెట్ 6,900, ఫ్లైవీల్ ఫేసింగ్ 900, ఆయిల్ సీల్ 650, గేర్ ఆయిల్ 1,100, బుష్‌లు 1,400, వాటి ప్రెస్ పని 600, లింక్ రాడ్లు 1,700, ఒక మౌంటింగ్ 2,300, లేబర్ 5,500. మొత్తం 21,050 రూపాయలు. షోరూమ్ ఎస్టిమేటుకూ దీనికీ తేడా 30,950.

ఈ తేడాను విడదీసి చూడాలి. రెండు చోట్లా ఒకే రకంగా జరిగే పని, అంటే క్లచ్ సెట్, లింక్ రాడ్లు, ఆయిల్, లేబర్ వరకు పోల్చితే నాకు మిగిలింది 6,750 మాత్రమే. షోరూమ్‌లో ఏసీ గది, కంప్యూటర్ రికార్డు, పనికి రాతపూర్వకమైన వారంటీ ఉంటాయి కనుక ఆ మాత్రం తేడా అన్యాయమని నేను అనను. మిగిలిన 24,200 రూపాయలు ధరల తేడా వల్ల వచ్చినవి కావు. ఏది మార్చాలి, ఏది బాగుచేయాలి, ఏది ముట్టుకోకూడదు అన్న నిర్ణయంలో వచ్చినవి. ఇది తెలిశాక, రెండు చోట్ల లేబర్ రేట్లు కనుక్కొని పోల్చుకోవడంలో పెద్ద ప్రయోజనం లేదనిపించింది. ఇక్కడ గంట లేబర్ ఎంత అన్న ప్రశ్న కంటే, విప్పి చూపించాకే పార్టు రాస్తారా అన్న ప్రశ్న నా డబ్బును ఎక్కువ కాపాడింది.

గ్యారేజీలో లేనివి కూడా చెప్పాలి. లేత్ పని, సీల్ కోసం వెతుకులాట వల్ల షోరూమ్ వాళ్లు చెప్పిన గడువు కంటే ఎక్కువ రోజులు పట్టింది, అన్నాళ్లూ బస్సులో తిరిగాను. లేబర్‌కు వచ్చింది చేతిబిల్లే. దాని మీద తేదీ, కిలోమీటర్ల రీడింగు, చేసిన పనులు అడిగి రాయించుకున్నాను. కంపెనీ కంప్యూటర్‌లో సర్వీసు చరిత్ర తెగిపోతుంది కనుక కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడుగుతారు. రెండు మూడేళ్లలో అమ్మేసే ఉద్దేశం ఉన్నవాళ్లు దీనిని లెక్కలో వేసుకోవాలి. ప్రమాదం జరిగి బీమా మీద చేయించే పనికైతే నేను బయటికి వెళ్లను. నగదు రహిత సౌకర్యం నెట్‌వర్క్ గ్యారేజీల్లోనే ఉంటుంది, జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదలకు కోత పెట్టని సదుపాయం) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ఖరీదే ఇస్తారు, బీమా సర్వేయరుతో ఈ లెక్కలు మాట్లాడటం షోరూమ్ వాళ్లకు అలవాటు. ఎయిర్‌బ్యాగులు, తాళం ప్రోగ్రామింగ్, కంపెనీ రీకాల్ పనులు కూడా అక్కడే.

క్లచ్ పని అయిన కొన్ని నెలలకు డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగింది. మేస్త్రిగారు తన స్కానర్ పెట్టి చూసి, కోడ్ వస్తోంది కానీ నాలుగు చక్రాల్లో ఏ చక్రం సెన్సారో తన పరికరంలో స్పష్టంగా రావడం లేదని, ఊహ మీద సెన్సార్లు మార్చి నా డబ్బు పాడుచేయనని, షోరూమ్‌కు తీసుకువెళ్లమని చెప్పారు. ఆ చూసినందుకు డబ్బు తీసుకోలేదు. షోరూమ్‌లో కంపెనీ స్కానర్ పెట్టి, వెనుక ఎడమ చక్రం సెన్సారు తీగ తెగిందని చూపించి, ఆ ఒక్కటీ మార్చారు. ఈసారి ఎస్టిమేటులో ఆ పనికి సంబంధం లేని వరుస ఒకటి ఉంటే నేను అడగగానే కొట్టేశారు, పాత సెన్సారు కవరులో పెట్టి ఇచ్చారు. ఇంజిన్ ఆయిల్ మార్పు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ పనులు ఇప్పుడు ఆటోనగర్‌లోనే జరుగుతున్నాయి. వచ్చే నెలలో టైర్లు మార్చాలి, అలైన్‌మెంట్ ఎక్కడ చేయించాలన్నది మేస్త్రిగారిని అడగబోతున్నాను.